తరుగు కోస్తే.. రుజువు అడగండి

యాప్‌లో మామిడిపళ్లు తెప్పించుకున్నారు. ఆరింట్లో రెండు మెత్తబడిపోయాయి. ఫొటో తీసి పెట్టారు. టీ తాగేలోపు డబ్బులు వెనక్కి వచ్చేశాయి. మీ వరకు కథ అయిపోయింది. మరి ఆ డబ్బులు ఎవరి జేబులోంచి వచ్చాయి? కంపెనీ భరించిందా? సప్లయర్ బిల్లులో కోసిందా? సప్లయర్ దాన్ని కమీషన్ ఏజెంటు మీదికి, ఏజెంటు రైతు మీదికి తోసేశారా?

ఈ ప్రశ్నకు కాగితం చూపించి జవాబు చెప్పగలిగే మనిషి కోసం పండ్ల వ్యాపారంలో ఒక కుర్చీ ఉంది. దాని పేరు క్వాలిటీ క్లెయిమ్స్. ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు దీని గురించి చెప్పరు, కోచింగ్ సెంటర్లలో కోర్సు లేదు. జావా నేర్చుకుని వందో ఇంటర్వ్యూకి లైన్లో నిలబడిన మీలో కొంతమందైనా ఇటు ఒకసారి చూడాలన్నది నా వాదన. ఉద్యోగం కోసం ఒక కారణం. రెండో కారణం ఇంకా పెద్దది, అది కింద చెబుతాను.

క్లెయిమ్ అంటే కొత్త విషయమేం కాదు. మన భాషలో దానికి పాత పేరు ఉంది: తరుగు. వడ్ల కొనుగోలు కేంద్రంలో తాలు అని, తేమ అని క్వింటాలుకు ఇన్ని కిలోలు కోస్తారు చూశారా, అదే. మామిడి మార్కెట్లోనూ అంతే. కాయ చిన్నదని, మచ్చ ఉందని, దెబ్బ తగిలిందని టన్నుకు ఇంత కోసేస్తారు. లెక్క వేద్దాం. ఒక రైతు 10 టన్నులు తెచ్చాడనుకోండి. టన్నుకు 50 కిలోల తరుగు అంటే 500 కిలోలు. కిలో 40 రూపాయలనుకుంటే 20 వేలు. ఆ 20 వేలు ఏ కాయలో ఏ లోపం చూసి కోశారు? ఎన్ని కాయలు చూశారు? ఎవరు చూశారు? ఈ మూడు ప్రశ్నలకు ఎక్కడా రాతపూర్వకమైన జవాబు ఉండదు. తరుగు అంటే రుజువు అడగని క్లెయిమ్, అంతే. అదే పండు దేశం దాటితే మాత్రం ప్రతి శాతానికీ ఫొటో, టెంపరేచర్ రికార్డు, సర్వే రిపోర్టు కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే మీ ఉద్యోగం.

బొల్లారంలో ఉండేవాళ్లకు ఈ వ్యాపారం కనిపించకుండా ఉండదు. ఒకవైపు బోయిన్‌పల్లి మార్కెట్. ఇంకోవైపు సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ మీదుగా నాగ్‌పూర్, ఢిల్లీ వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి. ఎండాకాలం రాత్రిళ్లు ఆ రోడ్డు పక్కన నిలబడితే మామిడి వాసన తగులుతుంది. (రాష్ట్రపతి నిలయంలో కూడా మామిడి తోట ఉంది. చూసి రండి, 2023 నుంచి ఏడాది పొడవునా జనాన్ని రానిస్తున్నారు. ఆ కాయలకు తరుగు ఎవరూ కోయరు కాబట్టి మన కథలోకి రావు.) ఆ రోడ్డెక్కిన ఒక లారీనే ఉదాహరణగా తీసుకుందాం.

లోపం ఎప్పుడు పుట్టింది?

పది టన్నుల బంగినపల్లి, ఒక్కోటి 20 కిలోల చొప్పున 500 క్రేట్లు, గమ్యం ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీ. మూడో రోజు ఫోన్ వస్తుంది: "మాల్ ఖరాబ్ హై, 30 పర్సెంట్ కాటో." ఇక్కడ ఎక్కువమంది బేరం మొదలుపెడతారు. ముప్పై అంటే పది అంటారు, పదిహేను దగ్గర తెగుతుంది. తెలిసినవాడు బేరమాడడు, ప్రశ్న అడుగుతాడు: ఏం లోపం?

ఎందుకంటే పండు లోపాలు రెండు జాతులు. మొదటివి మారనివి. కాయ సైజు, తొక్క మీద గీతలు, కోసేటప్పుడు సొన కారి కాలిన మచ్చ. ఇవి తోటలోనో ప్యాకింగ్ దగ్గరో పుట్టినవి. ప్రయాణంలో పెరగవు, తరగవు. రెండోవి మారేవి. మెత్తబడటం, కుళ్లు, ముడత. ఇవి దారిలో పెరుగుతాయి. మొదటి రకమైతే లోడ్ చేసినవాడు జవాబు చెప్పాలి. రెండో రకమైతే లారీ ఎంత ఆలస్యమైంది, లోపల వేడి ఎంత, దిగాక ఎన్ని గంటలు ఎండలో ఉంది అన్నవి తేలాకే ఎవరి బాధ్యతో చెప్పగలం.

అసలు చిక్కు ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. ఆంత్రాక్నోస్ అనే పక్షికన్ను తెగులు కాయ పచ్చిగా ఉన్నప్పుడే లోపల దాక్కుంటుంది. తోటలో చూస్తే నిగనిగలాడుతుంది. మగ్గడం మొదలయ్యాక నల్ల మచ్చలై బయటపడుతుంది. తొడిమ దగ్గర మొదలయ్యే కుళ్లు కూడా అంతే. కొన్నవాడు చూసిన కుళ్లు నిజం, పంపినవాడు చూసిన మంచి కాయ కూడా నిజం. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అయినా ఎవరో ఒకరు డబ్బు పోగొట్టుకోవాలి. కోతకు ముందు ఏ మందు ఎప్పుడు కొట్టారో, కోశాక వేడినీటిలో ముంచారో లేదో రాసి ఉంటే దారి దొరుకుతుంది. రాసి లేకపోతే గొంతు పెద్దదైనవాడు గెలుస్తాడు.

చలిది ఇంకో కథ. మామిడిని చల్లగా ఉంచితే చాలనుకుంటారు. దానికి సుమారు 12, 13 డిగ్రీలు సరిపోతుంది. ఆపిల్‌ని దాచినట్టు సున్నా దగ్గర దాస్తే కాయ చలికి దెబ్బతింటుంది. తొక్క బూడిదరంగు తిరుగుతుంది, సరిగా మగ్గదు, రుచి రాదు. అది కోల్డ్ స్టోరేజీలో కనిపించదు, బయటికి తీసిన రెండు మూడు రోజులకు కనిపిస్తుంది. అప్పటికి కాయ చిల్లర దుకాణంలో ఉంటుంది. ఏసీ లారీ గురించి కూడా చాలామందికి తెలియనిది ఒకటుంది. అది చల్లబడిన పండును చల్లగా ఉంచడానికే. ఎండలో కోసిన వేడి కాయను నేరుగా ఎక్కిస్తే లారీ గాలి 13 డిగ్రీలు చూపిస్తుంది, కాయ లోపల మాత్రం 28 ఉంటుంది. అందుకే డేటా లాగర్ గ్రాఫ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కాయలోకి థర్మామీటర్ గుచ్చి లోపలి వేడి చూడాలి, లాగర్ తలుపు దగ్గర పెట్టారా, వెనక గోడ దగ్గరా అని అడగాలి. సెన్సర్ ఎక్కడ పెట్టారో తెలియని రీడింగ్‌ని నమ్మకూడదని మీకు రెండో సంవత్సరం ల్యాబ్‌లోనే చెప్పారు. ఇక్కడ పనికొచ్చే ఇంజినీరింగ్ అదే.

ఇక ఆ 30 శాతం ఎలా వచ్చింది? తలుపు తీయగానే ఎదురుగా ఉన్న నాలుగు క్రేట్లు చూసి చెప్పిన లెక్కా, లేక ముందు, మధ్య, వెనక, పైవరస, అడుగువరస నుంచి తీసి కాయ కాయ లెక్కపెట్టారా? అసలు కొంత తేడా ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మామిడికి 1993 నాటి కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో ఎక్స్‌ట్రా క్లాస్‌లో 5 శాతం దాకా, క్లాస్ వన్‌లో 10 శాతం దాకా ఆ తరగతికి తగనివి, దాని కింది తరగతికి సరిపోయేవి ఉండొచ్చు. ఒప్పందంలో క్లాస్ వన్ అని రాసి ఉంటే, పదకొండో శాతం నుంచే గొడవ మొదలవ్వాలి. మన దగ్గర ఒప్పందంలో ఏముంటుంది? "మంచి మాల్" అని ఉంటుంది. అదీ ఫోన్లో.

చట్టం కూడా గడియారం చూస్తుంది. మన సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1930 నాటిది. సరుకు పరిశీలించే అవకాశం కొన్నవాడికి ఇవ్వాలని 41వ సెక్షన్ చెబుతుంది. సరుకు ఉంచుకుని, తిరస్కరిస్తున్నానని సమంజసమైన సమయంలో చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని 42వ సెక్షన్ అంటుంది. ఆ సమంజసమైన సమయం ఎంతో మాత్రం చెప్పదు. అదే 1930లో అమెరికా పండ్లు, కూరగాయల వ్యాపారానికే ప్రత్యేకంగా పాకా అనే చట్టం చేసుకుంది. దాని నిబంధనల్లో లారీ సరుకు వచ్చినట్టు కబురు అందాక 8 గంటల్లోపు తిరస్కరించాలని రాసి ఉంది. 8 గంటలని అంకె వేస్తే సగం గొడవలు పుట్టవు. మన మార్కెట్లలో మూడో రోజు, సరుకంతా అమ్ముకున్నాక కూడా తరుగు ఫోన్ వస్తుంది. మన దగ్గర అలాంటి అంకె ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు.

కాగితం తప్పితే కాయ చెత్తే

ఇప్పుడు కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా విల్లాలు కనిపిస్తాయి గానీ, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలుండేవి. అనాబ్-ఎ-షాహి అంటే ఏంటో మీ తాతయ్యను అడగండి. తోటలు పోయాయి, ఎగుమతి ద్రాక్ష అంటే ఇప్పుడు మహారాష్ట్రే. ఆ ద్రాక్ష 2010లో మనందరికీ ఒక పాఠం చెప్పింది. యూరప్ వెళ్లిన కంటెయినర్లలో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే మొక్కల పెరుగుదల నియంత్రకం అవశేషాలు పరిమితికి మించి దొరికాయి. అప్పటికే అపెడా వారి గ్రేప్‌నెట్ ఉంది, తోట నుంచి కంటెయినర్ దాకా జాడ ఉంది, ల్యాబ్ పరీక్షలు ఉన్నాయి. కానీ ఇక్కడ పరీక్షించే జాబితాలో ఆ రసాయనం లేదు. అంటే ఇక్కడ పాసైన ద్రాక్ష అక్కడ ఫెయిలైంది. రైతులు, ఎగుమతిదారులు దారుణంగా నష్టపోయారు. సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లు ఈ ఒక్క కథ గుర్తుంచుకుంటే చాలు. కొనేవాడు ఏం వెతుకుతాడో తెలియకుండా మనం ఏం పరీక్షించినా లాభం లేదు.

మామిడికీ దెబ్బలు తగిలాయి. 2013లో యూరప్ వెళ్లిన మన పండ్లు, కూరగాయల్లో 207 కన్‌సైన్‌మెంట్లలో పండు ఈగ లాంటి పురుగులు దొరికాయి. 2014 మే 1 నుంచి మామిడి మీద నిషేధం పెట్టారు. 2015 జనవరిలో గానీ దాన్ని ఎత్తేయడానికి ఒప్పుకోలేదు.

2025 మేలో అమెరికాలో జరిగింది ఇంకా విచిత్రం. విమానాల్లో వెళ్లిన 15 షిప్‌మెంట్ల మామిడిని లాస్ ఏంజెలెస్ లాంటి చోట్ల ఆపేశారు. పురుగు దొరకలేదు, కుళ్లు లేదు. ముంబైలో రేడియేషన్ ట్రీట్‌మెంట్ జరిగినట్టు చూపే పత్రం సరిగా లేదన్నారు. వెనక్కి తీసుకెళ్లండి లేదా అక్కడే ధ్వంసం చేయండి అన్నారు. వెనక్కి తెచ్చే ఖర్చు పండు విలువను మించుతుంది కాబట్టి ధ్వంసం చేయక తప్పలేదు. అమెరికాలో మనవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో మామిడి బాక్సులు బుక్ చేసుకుని ఎదురుచూసే సీజన్ అది. తీపి, రంగు, వాసన అన్నీ సరిగ్గా ఉన్న కాయ ఒక ఫారం వల్ల చెత్తబుట్టలోకి పోయింది.

చెత్త అంటే గుర్తొచ్చింది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో కుళ్లిన సరుకుతో కరెంటు తీస్తున్నారు. రోజుకు 10 టన్నుల వ్యర్థాల నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తోందని ప్రధాని కూడా 2021 జనవరి మన్ కీ బాత్‌లో చెప్పారు. మంచి పని. పారేసినదానికి మనకు టన్నుల్లో, యూనిట్లలో లెక్క ఉంది. పారేయకుండానే రైతు ఖాతాలోంచి పోయిన కిలోలకు మాత్రం లెక్క లేదు.

సంతకం మీది

రెండో కారణం చెబుతానన్నాను కదా. ఇదే.

ఈ ఉద్యోగంలో చేరిన కొన్ని వారాలకే మీకు ఒక పరీక్ష వస్తుంది. లోడ్ ఎక్కిన రోజు ఆజాద్‌పూర్‌లో కిలో 60. దిగిన రోజు 45. కొన్నవాడికి నష్టం. ఆ నష్టాన్ని రేటు పడిపోయింది అని చెప్పి వెనక్కి తోయలేడు, బేరం అయిపోయింది కాబట్టి. క్వాలిటీ బాగాలేదు అని చెప్పి తోయగలడు. అప్పుడు మీ పైవాడు మీ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి అంటాడు, "తమ్ముడూ, నాలుగు శాతం ఏంటి? పన్నెండు వేసెయ్. ఎవరు చూడొచ్చారు?"

ఆ పన్నెండు మీ చేతిరాతతో ఉంటుంది. కింద మీ సంతకం ఉంటుంది. అటువైపు ఎవరున్నారో మీకు తెలియకపోవచ్చు. జగిత్యాలలోనో కొల్లాపూర్‌లోనో తోట మీద అప్పు తెచ్చినవాడు కావచ్చు. ఇక్కడ నీతులు చెప్పడం నా ఉద్దేశం కాదు. మీరు వాడుకోగలిగే ఒక ఆయుధం చెబుతాను. ఒక ఎక్సెల్ షీట్ తెరవండి. ఒక కాలమ్‌లో లోడ్ రోజుకీ దిగిన రోజుకీ మధ్య రేటు ఎంత పడిందో రాయండి. పక్క కాలమ్‌లో ఆ లోడ్ మీద వచ్చిన క్లెయిమ్ శాతం రాయండి. సీజన్ మొత్తం రాయండి. రేటు పడిన రోజుల్లోనే కాయలు కుళ్లుతున్నాయంటే కాయకు జబ్బు లేదు, కొనేవాడి జేబుకు ఉంది. ఆ గ్రాఫ్ మీ మేనేజర్ ముందు పెట్టండి. నిజాయితీ గురించి ఉపన్యాసం వినని మేనేజర్ కూడా, తన సప్లయర్లు ఎందుకు వెళ్లిపోతున్నారో చూపించే గ్రాఫ్ వింటాడు.

రైతులంతా అమాయకులు, కొనేవాళ్లంతా దొంగలు అని నేననను. పైన పెద్ద కాయ పేర్చి అడుగున చిన్న కాయ పెట్టిన క్రేట్లు ఉంటాయి. ముదరని కాయను ముందే కోసి, రేటు కోసం తోసేసేవాళ్లుంటారు. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టం ప్రకారం నిషేధం. ఎథిలిన్ గ్యాస్ వాడొచ్చు, 100 పీపీఎం దాకా. అయినా కార్బైడ్ పోలేదు. 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు దీన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. అలాంటి లోడ్ మీద క్లెయిమ్ వేయాల్సిందే, గట్టిగా వేయాల్సిందే. నేననేది ఒకటే. క్లెయిమ్ వేసినా, తిప్పికొట్టినా అదే కొలత, అదే ఫొటో, అదే లెక్కతో జరగాలి. కొలిచిన కాగితం కాపీ రైతు చేతికీ వెళ్లాలి. 2016లో ఈనామ్ మొదలుపెట్టినప్పుడు సరుకు నాణ్యతను మార్కెట్లోనే పరీక్షించి రాయడం అందులో ఒక భాగం. పండ్ల విషయంలో ఆ భాగాన్ని గట్టిగా నడిపితే చాలు, తరుగు గొడవలు చాలా తగ్గుతాయి.

టెక్ బ్లాగు రాసేవాడిని కాబట్టి ఏఐ గురించి అడుగుతారని తెలుసు. కెమెరా పెట్టి కాయలను గ్రేడ్ చేసే స్టార్టప్ ఐడియాతో వారానికొకరైనా నాకు మెసేజ్ పెడతారు. కెమెరాకు కనిపించేది తొక్క. చలిదెబ్బ మొదటి రోజు తొక్క మీద ఉండదు, లోపల దాక్కున్న తెగులు ఉండదు, తీపి ఉండదు. తీపికి రిఫ్రాక్టోమీటర్‌లో రసం చుక్క వేసి బ్రిక్స్ చూడాలి. గట్టితనానికి పెనెట్రోమీటర్ ఉంది. పైగా ఇప్పుడు ఫొటోలో మంచి కాయకు కుళ్లు మచ్చ పుట్టించడం నిమిషం పని. ఫొటో ఒక్కటే సాక్ష్యమయ్యే రోజులు పోతున్నాయి, లోడ్ నంబర్, సమయం, లాగర్ ఫైలు కలిసి ఉంటేనే దానికి విలువ. కాబట్టి ముందు కాయను కోయడం నేర్చుకోండి, కోడ్ తర్వాత రాద్దురు గానీ.

ఎక్కడ మొదలుపెట్టాలి?

జాబ్ పోర్టల్‌లో "క్లెయిమ్స్" అని కొడితే ఇన్సూరెన్స్ ఉద్యోగాలే వస్తాయి. క్వాలిటీ ఎగ్జిక్యూటివ్, ప్యాక్‌హౌస్ సూపర్‌వైజర్, ఫ్రెష్ ప్రొడ్యూస్ అని వెతకండి. సూపర్ మార్కెట్ల కలెక్షన్ సెంటర్లు, క్విక్ కామర్స్ గోదాములు, ఎగుమతి ప్యాక్‌హౌస్‌లు, కోల్డ్ స్టోరేజీలు తీసుకుంటాయి. హార్టికల్చర్, ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లకు ముందు చోటు. ఇంజినీరింగ్, బీకాం వాళ్లకూ చోటుంది, ఎందుకంటే సగం పని లెక్కల సరిపోల్చడమే. మొదట్లో జీతం ఐటీ కన్నా తక్కువే ఉంటుంది. రాత్రి డ్యూటీలుంటాయి, లారీలు రాత్రే వస్తాయి మరి. సీజన్లో సెలవు అడిగితే నవ్వుతారు. హిందీ రాకపోతే కష్టం, నాగ్‌పూర్, ఢిల్లీ వ్యాపారులతో రోజూ మాట్లాడాలి. బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా అని అడగడం కన్నా, ఒక డెబిట్ నోట్ చేతికిచ్చి ఇందులో తప్పేముందో చెప్పమనేవాళ్లే ఎక్కువ.

చదువుకోవడానికి దూరం పోనక్కర్లేదు. రాజేంద్రనగర్‌లో మొక్కల ఆరోగ్యం మీద పనిచేసే ఎన్‌ఐపీహెచ్‌ఎం, వ్యవసాయ నిర్వహణకు మేనేజ్ సంస్థ ఉన్నాయి. వాళ్ల శిక్షణ కార్యక్రమాలు ఏమున్నాయో వెబ్‌సైట్లలో చూడండి. కోడెక్స్ మామిడి ప్రమాణం ఉచితంగా దొరుకుతుంది, కొన్ని పేజీలే. ఒక పూట కూర్చుంటే అయిపోతుంది.

దానికన్నా ముందు ఒకరోజు బాటసింగారం వెళ్లండి. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను ఆసుపత్రి కోసం ఖాళీ చేయించాక వ్యాపారం అక్కడి లాజిస్టిక్స్ పార్కుకు మారింది. ఏప్రిల్‌లో వెళ్లండి, తెల్లవారకముందే వెళ్లండి. వేలం అయ్యాక ఏజెంటు రైతుకిచ్చే తక్‌పట్టీ ఒకటి చూపించమని రైతునే అడగండి. అందులో కాటా, రేటు, హమాలీ, కమీషన్ ఉంటాయి. తరుగు ఎక్కడ రాశారో, దాని పక్కన కారణం ఉందో లేదో చూడండి. ఫొటో తీసుకునే ముందు ఆయన్ని అడిగి తీసుకోండి.